రెండు చుట్లు వదులైన నట్టు

2004 ఫిబ్రవరి 12, గురువారం

పదిహేడో కాగితం మీద వాల్వు బొమ్మ కుదిరింది.

మిగిలిన పదహారూ బల్ల కింద పడి ఉన్నాయి. ఇది మాత్రం బల్ల మీద ఉంది. పొద్దుటినుంచీ దీన్ని దూరంగా పెట్టి చూస్తున్నాను, దగ్గరగా పెట్టి చూస్తున్నాను. పిల్లలు పుట్టినవాళ్ళు ఇలాగే చూసుకుంటారేమో, నాకు తెలియదు.

స్ప్రింగు ఎటువైపు పెట్టాలన్న దగ్గరే వారం పట్టింది. ఒక పద్ధతిలో ఆవిరి తోస్తే పిన్ను లేచి జీడి కుక్కరు తలుపు గడియని పట్టుకుంటుంది, ఆవిరి పోతే దిగి వదిలేస్తుంది. రెండో పద్ధతిలో స్ప్రింగే ఎప్పుడూ గడియని పట్టుకుని కూర్చుంటుంది, మనిషి వచ్చి, ముందు ఆవిరంతా బయటికి వదిలేసే ఇంకో లీవరు లాగితే గాని వదలదు. అది ఆరు కిలోలు బరువెక్కువ, చూడ్డానికి ఎద్దు మెడ మీద కాడిలా ఉంది. మొదటిదే ఖాయం చేశాను. ఒకే పిడి, ఒకే కదలిక. విశాఖపట్నంలో వాల్వుల కంపెనీలో పదహారేళ్ళు గీసినవన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. వాటి కింద నా పేరు లేదు. దీని కింద ఉంటుంది.

ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇంటి ఓనరు కూర్మనాథం గారు అరుగు మీద కనిపించారు. బొమ్మ చూపించి పావుగంట చెప్పాను. అంతా విన్నారు.

“బాగుంది బాబూ. మరి మన పెరట్లో కుళాయి కారతంది, అదెప్పుడు సూత్తారు?”

ఫిబ్రవరి 16, సోమవారం

గోవిందరావు గారి జీడి ఫ్యాక్టరీకి వెళ్ళాను. టేబిలు మీద కాగితం పరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టాడు.

“సాగర్ గారూ, నాను టెన్త్ ఫెయిలు. బొమ్మలొద్దు, మాటల్తో సెప్పండి.”

“జీడిపిక్కలు కుక్కర్లో ఉడికాక ఆవిరి పూర్తిగా పోకుండా తలుపు గడియ తీస్తే ఏమవుతుంది?”

“పోయినేడు ఇంకో ఫ్యాక్టరీలో అయినట్టే అవుద్ది. తలుపొచ్చి ఎదరున్నోడి గుండెల మీద పడతాది.”

“నా వాల్వు ఉంటే లోపల ఆవిరి ఉన్నంతసేపూ గడియ రాదు. కుక్కరు నుంచి ఒక సన్న గొట్టం వాల్వులోకి వస్తుంది. లోపల ఆవిరి ఉందో లేదో వాల్వుకి ఆ గొట్టమే చెబుతుంది. అది ఉందంటే తాళం పడుతుంది, లేదంటే వదులుతుంది.”

నములుతున్న పెన్ను పక్కన పెట్టాడు. “మూడు నెల్లు నా కాడ పెట్టండి. ఒక్క కంప్లయింటు రాకపోతే మా ఓనర్ల సంఘం మీటింగులో నానే సెప్తాను. పలాసలో ఫ్యాక్టరీలన్నిటికీ మీదే. సాగర్ వాల్వు!”

సాగర్ వాల్వు. రైల్వే గేటు పడి ఉంటే నిలబడి రెండుసార్లు పైకే అన్నాను. గూడ్సు చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

చర్చి నుంచి వస్తూ బూత్‌లోంచి నా భార్య షాలినికి ఫోన్ చేశాను. స్కూల్లో పరీక్షలట. వాల్వు గురించి మొదలుపెడితే “తర్వాత చెబుదురుగానీ” అంది. పరీక్షలు మరి, విశాఖపట్నంలో టీచర్లకి ఊపిరాడదు.

ఆవిడ ఇక్కడికి రానని ఎప్పుడూ అనలేదు. వాల్వు నిలబడ్డాక మంచి ఇల్లు చూస్తానని నేనే అన్నాను. నేను పలాస వచ్చిన ఈ మూడేళ్ళలో ఆ మాట నాలుగైదుసార్లు అని ఉంటాను.

మార్చి 3, బుధవారం

బిగించాను.

కుక్కరు దగ్గర పనిచేసే మనిషి పేరు కామాక్షి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. బాయిలింగు పని మామూలుగా మగవాళ్ళది. ఈమె మొగుడు చేసేవాడట. కిడ్నీ జబ్బుతో అతను మంచాన పడ్డాక ఆ పని ఈమెకి వచ్చింది. ఆవిరి వదిలేటప్పుడు కుక్కరు ఎదురుగా నిలబడదు, ఓ పక్కకి ఒదిగి నిలబడుతుంది. ఇకనుంచి అంత భయం అక్కర్లేదమ్మా అన్నాను. నవ్వింది గానీ కదల్లేదు.

ఇంకో మంచి పని కూడా చేశాను. ఆవిరి బయటికి పోయే గొట్టం ఇన్నాళ్ళూ గోడ పక్కన మోకాలెత్తులో ఉండేది. దాని ముందు ఆడవాళ్ళ కేరేజీలు వరసగా పెట్టి ఉన్నాయి. అవన్నీ తీయించి, గొట్టం పైకప్పు మీదికి ఎక్కించేశాను. ఇప్పుడు షెడ్డు శుభ్రంగా ఉంది. పప్పు ఒలిచే ఆడవాళ్ళు పని ఆపి పైకి చూశారు. మెచ్చుకుంటున్నారనుకుంటా.

కామాక్షికి నేర్పించాను. ఇది తిప్పాలి, ఇది లాగాలి. రెండు నిమిషాల్లో పట్టేసింది.

మార్చి 7, ఆదివారం

ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. ఈ చర్చిలో ఇదే మొదటిసారి. దేవుడు నా చేతుల్ని వాడుకుని కూలి జనం ప్రాణాలకి కాపుదల ఇచ్చాడని చెప్పాను. అందరూ “స్తోత్రం” అన్నారు. దేవుడి పేరు పెట్టి నన్ను నేనే పొగుడుకున్నానని కూర్చున్నాక తెలిసింది. అయినా బాగానే ఉంది.

పాస్టరు గారు చెయ్యి కలిపి, “సిస్టరు గారు రాలేదా?” అన్నారు. పరీక్షలన్నాను.

మార్చి 19

పదహారు రోజులు. ఒక్క కంప్లయింటు లేదు.

ఏప్రిల్ 2, శుక్రవారం

ఎండలు ముదిరాయి. ఫ్యాక్టరీకి వెళ్తే కామాక్షి దగ్గరికొచ్చింది.

“బాబూ, ఆ గొట్టం మల్లీ పాత సోటే ఎట్టీడానికి అవదేటి?”

“కాళ్ళ మీదికి వేడి ఆవిరి వదులుకుంటారా ఎవరైనా? పైకి పోతే మీకే క్షేమం.”

“అది నిజిమేగానీ బాబూ, మా కేరేజీలు…”

గోవిందరావు గారు పిలుస్తున్నాడు, వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఆమె పిక్కలు ఎత్తిపోస్తోంది. కేరేజీలు పెట్టుకోడానికి చోటు కావాలి కాబోలు. ఒక బల్ల వేయించమని మేనేజరుతో చెప్పాలి.

ఏప్రిల్ 25, ఆదివారం

షాలినికి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. సెలవులిచ్చారు కదా, ఎటైనా వెళ్ళి ఉంటుంది.

కూర్మనాథం గారి కుళాయికి కొత్త వాషరు వేశాను. ఆయన ఇంట్లో వాళ్ళందరినీ పిలిచి చూపించారు. వాల్వు గురించి అంత సంబరం ఇంతవరకూ ఎవరూ పడలేదు.

మే 11, మంగళవారం

తలుపు తెరుచుకుంది. లోపల ఆవిరి ఉండగానే తెరుచుకుంది.

కామాక్షి. కుడి చెయ్యి మోచేతి దాకా, మెడ, చెవి కింద. టెక్కలి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పక్కకి ఒదిగి నిలబడింది కాబట్టి బతికింది. అది నేను నేర్పింది కాదు, ఆవిడ అలవాటు.

అలా తెరుచుకోడానికి వీల్లేదు.

వీల్లేదు.

మే 12, బుధవారం

సన్న గొట్టం నట్టు రెండు చుట్లు వదులుగా ఉంది.

అదీ సంగతి. ఆవిరి అక్కడినుంచి బయటికి పోతుంటే వాల్వుకి చేరేది ఏమీ ఉండదు. లోపల ఆవిరి లేదనుకుని పిన్ను దిగిపోతుంది. గడియ చేతికి వచ్చేస్తుంది. వాల్వు తప్పు లేదు. దానికి అబద్ధం చెప్పారు, అది నమ్మింది.

నట్టు చూడగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట “అమ్మయ్య”. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

సాయంత్రం లోపు రిపోర్టు రాసి ఇచ్చాను. ఒక పేజీ. వాల్వులో లోపం లేదు, కార్మికురాలు నట్టు వదులు చెయ్యడం వల్ల ప్రమాదం జరిగింది అని.

మే 13, గురువారం

గోవిందరావు గారు రిపోర్టుని నలుగురికి చదివి వినిపించాడు.

“సూసినారా, ఇంజినీరంటే అలాగుండాల! ఇరవై తొమ్మిదిన సంఘం మీటింగు. మంచి షర్టేసుకు రండి సాగర్ గారూ.”

“ఆవిడ సంగతి?”

“ఆవిడ సంగతేటి? నట్టు ఇప్పినాదని మీరే రాసినారు గదా. ఫ్యాక్టరీ సామాను పాడుసేసినోల్లకి ఆస్పత్రి కర్సులెవులిత్తారు? పన్లోంచి తీసీసినాను.”

“నేను అలా రాయలేదు కదండీ, తీసెయ్యమని…”

“మీరు నిజిం రాసినారు. మిగతాది నా డిపార్ట్‌మెంటు.”

నేను రాసింది నిజమే.

మే 14

నేను రాసింది నిజం.

మే 15

నట్టు దానంతట అది వదులవదు. నేనే స్పానరుతో బిగించాను, నాకు తెలుసు. నిజం కాకపోతే ఇంకేమిటి?

మే 16, ఆదివారం

ప్రార్థన మనవుల దగ్గర దోర్కాసమ్మ అనే ఆవిడ లేచి, జీడి ఫ్యాక్టరీలో కాలిపోయిన ఒక సహోదరి కోసం ప్రార్థన చెయ్యాలంది. పేరు తెలియదంది. పాస్టరు గారు నా వైపు తిరిగి, “సాగర్ గారికి ఆ ఫ్యాక్టరీ తెలుసు. ఆయన నడిపిస్తారు” అన్నారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను లేచాను.  గొంతు బాగాలేదని చెప్పి కూర్చున్నాను. పేరు కూడా చెప్పలేకపోయాను.

షాలినికి ఫోన్ చెయ్యలేదు. గొంతు బాగాలేదు.

మే 19, బుధవారం

ఫ్యాక్టరీకి వెళ్ళాను. నా పాత స్పానరు అక్కడ ఉండిపోయిందేమో చూద్దామని. (కాదు. నట్టు ఇంకెవరైనా విప్పుతున్నారా చూద్దామని. ఇంకెవరైనా అయితే బాగుండునని కాదు, కామాక్షే అయితే బాగుండునని.)

మధ్యాహ్నం భోజనాల వేళ. పప్పు ఒలిచే వాళ్ళలో అందరికంటే పెద్దావిడ బొడ్డమ్మ గోడకి చేరబడి కూర్చుంది. జీడి రసానికి వేళ్ళు నల్లగా మాడి ఉన్నాయి. కేరేజీ మూత తీసి, వాసన చూసి, మళ్ళీ పెట్టేసింది.

“ఆ నట్టు ఎవరు విప్పారమ్మా?” అన్నాను.

“ఏ రోజు సంగతి బాబూ?”

నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఆవిడే చెప్పింది.

“ఒక్కో దినం ఒక్కోలం ఇప్పేవోలం. నానూ ఇప్పినాను. పోలమ్మా ఇప్పింది. ఆ కామాక్షి ఒక్కతే కాదు.”

“ఎందుకు?”

“కూటికి.” నన్ను ఎగాదిగా చూసింది. “మావు వజ్రపుకొత్తూరు కాడ్నుంచి మొదటి బస్సుకొత్తాం. తెల్లారగట్ల వొండిన కూడు ఈ ఎండలకి పదకొండు కాకుండానే పులిసిపోద్ది. ఇదివరకు ఆ గొట్టం ముందల ఎడితే ఆవిరి తగిలి నిలిసీది. తమరొచ్చి దాన్ని ఇంటి మీదకెక్కించీసినారు. ఈ సన్నది కొంచిం ఇప్పితే సుయ్యిమని వత్తాది. కేరేజీలకి ఆవిరెట్టీసి మల్లీ బిగించీసీవోలం. ఆ దినం ఆయమ్మి కేరేజీ ఆకర్న ఎట్టింది. ఈలోపు మేనేజరు తొందరెట్టినాడు. బిగించడం మర్సిపోనాది.”

“ఆ గొట్టంతోనే తలుపు తాళం పడుతుందని మీకు తెలియదా?”

“మాకెవులు సెప్పినారు బాబూ?”

గోవిందరావు గారికి చెప్పాను. మేనేజరుకి చెప్పాను. సంఘం ప్రెసిడెంటుకి బొమ్మ వేసి చెప్పాను. కూర్మనాథం గారికి అరుగు మీద పావుగంట చెప్పాను. వాల్వు పక్కన రోజంతా నిలబడే మనిషికి మాత్రం ఇది తిప్పు, ఇది లాగు అన్నాను. ఆమె కేరేజీలని నోరు తెరిస్తే బల్ల వేయిద్దాం అనుకున్నాను. ఆ బల్ల కూడా వేయించలేదు.

మే 20, గురువారం

బల్ల కింద కాగితాలు తీశాను. రెండో పద్ధతి ఆరో కాగితం మీద ఉంది. స్ప్రింగు అటువైపు. నట్టు వదులైనా, గొట్టం తెగినా, అసలు గొట్టమే లేకపోయినా తలుపు మూసే ఉంటుంది. పక్కన నా చేత్తోనే రాసుకున్నాను, ‘మోటుగా ఉంది’ అని.

ఏ గొట్టమైనా ఏదో ఒకరోజు పాడవుతుందని నాకు తెలుసు. ఇంజినీరింగు మొదటి సంవత్సరం కుర్రాడికి కూడా తెలుసు. అది తెలిసీ పిడి అందంగా ఉందని ఇది పెట్టాను. నా పేరు కింద అందమైన బొమ్మ ఉండాలనుకున్నాను. నట్టు కామాక్షి విప్పింది. తలుపు తెరిచింది నేను.

మే 27

పని ఎక్కువగా ఉంది. రాయడం కుదరలేదు.

మే 28

పనేమీ లేదు. రేపు మీటింగు. ఏమీ చెప్పకపోతే నలభై ఫ్యాక్టరీల గోడల మీద నా పేరు ఉంటుంది. లోపల స్ప్రింగు చల్లగా అటు మార్చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కామాక్షి ఒక్కదానికే నష్టం. ఇలా ఆలోచించగలనని నాకు ఇవాళే తెలిసింది.

మే 29, శనివారం

మంచి షర్టే వేసుకున్నాను. గోవిందరావు గారు నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పబోయాడు. ఆగమని, కొత్త రిపోర్టు చదివాను. మొదటి రిపోర్టు తప్పు, వాల్వు డిజైనులోనే లోపం ఉంది, ఆ లోపం నాకు ముందే తెలుసు, కార్మికురాలి తప్పేమీ లేదు, ఆవిడ వైద్యం ఫ్యాక్టరీ చూసుకోవాలి, నావంతు నేను భరిస్తాను. ఆరు వాక్యాలు. 

సరిచేసిన వాల్వు మళ్ళీ చేసిస్తానన్నాను. ప్రెసిడెంటు గారు చాలా మర్యాదగా, “మీకు శ్రమెందుకండీ, కోయంబత్తూరు నుంచి తెప్పించుకుంటాం” అన్నారు.

బయట చెట్టు కింద గోవిందరావు గారు పట్టుకున్నాడు. శాలువా ఇంకా చేతిలోనే ఉంది.

“మీరు ఇంజినీరా, పాస్టరా? ముందే సెప్తే సర్సిలో మైకెట్టించీవోడ్ని గదండీ!”

“ఆవిడని పన్లోకి తీసుకోండి.”

“తీసుకోకేటి సేత్తాను, అందరి ముందలా సదివీసినారు గదా. ఆస్పత్రి కర్సూ ఇత్తాను, పనీ ఇత్తాను. తమరు మాత్రం నా గేటు దాటకండి.”

శాలువా మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జూన్ 2, బుధవారం

వాల్వు విప్పి రిక్షాలో పంపించేశారు. గొట్టం తిరిగి గోడ పక్కకి దించేశారని రిక్షా అతను చెప్పాడు. ఆ ఒక్క మాటకి సంతోషించాను.

జూన్ 6, ఆదివారం

షాలిని ఫోన్ ఎత్తింది.

“మీ వాల్వు ఎలా ఉంది?” తనే అడిగింది. మూడేళ్ళలో తనంతట తను అడగడం ఇదే.

“బాగుంది. అందరూ పెట్టుకుంటున్నారు.”

“మంచిదే. ఇక్కడ నాకు హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చింది. ఇంకో అయిదేళ్ళు ఇక్కడే అనుకోండి.”

కంగ్రాట్స్ చెప్పాను. ఇల్లు చూస్తానని ఈసారి అనలేదు. తనూ ఎదురుచూసినట్టు లేదు. నిజం ఎందుకు చెప్పలేదో తెలియదు. నలభై మంది ముందు చదివినవాణ్ణి ఒక్క మనిషికి చెప్పలేకపోయాను.

జూన్ 9, బుధవారం

కామాక్షి ఊరు వెళ్ళాను. కొబ్బరి తోటల్లో మైలు నడక. ఇల్లు చూపించినవాళ్ళు “గవర్నమెంటోలా?” అని అడిగారు.

మొగుడు వసారాలో మంచం మీద ఉన్నాడు, కాళ్ళు వాచి. ఆవిడ స్టూలు తెచ్చి వేసింది. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టు. మెడ దగ్గర చర్మం ఎర్రగా, ముడతలుగా ఉంది. అటు చూడకుండా మాట్లాడాలనుకున్నాను, కుదరలేదు.

మొత్తం చెప్పాను. స్ప్రింగు, రెండో పద్ధతి, అందం, మొదటి రిపోర్టు. ఈసారి బొమ్మ లేకుండానే చెప్పాను. చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ విన్నది. అర్థమైందా అని అడిగాను.

“అర్తమయినాది బాబూ. నట్టు ఇప్పినది నానే గదా, మర్సిపోయినదీ నానే. మీరేటి సేత్తారు?”

“నువ్వు మర్చిపోయినా ఏమీ కాకుండా చెయ్యొచ్చమ్మా. అది నాకు చేతనవును. చెయ్యలేదు. పైగా తప్పు నీ మీద రాసిచ్చాను.”

“పోన్లెండి. ఐపోనాది.”

“పోన్లెండి అనకమ్మా. నన్ను నాలుగు తిట్టు.”

నిజంగానే ఆశ్చర్యపోయింది. మొగుడి వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది.

“తిట్టడానికి మీరు మాకేటవుతారు బాబూ?”

కోపంతో అన్న మాట కాదు. నాకు అర్థం కాలేదేమోనని వివరంగా చెప్పింది. “ఈయన్ని తిడతాను. బొడ్డమ్మప్పని తిట్టినాను, నానెలాగా మర్సిపోనాను, నువ్వయినా బిగించవేటే అని ఆస్పత్రిలోనే తిట్టినాను. అప్పా ఏడిసింది, నానూ ఏడిసినాను. మీరెవులో మారాజులు, పని మీద వత్తారు, ఎలిపోతారు. మిమ్మల్నేటని తిడతాను?”

 లేచాను. ఉండమని లోపలికి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది.

“ఎడం సేత్తో ఇత్తన్నాను, ఏటనుకోకండి బాబూ” అంది.

తాగి, చెంబు వసారాలో పెట్టి, నాలుగు గంటల బస్సెక్కాను. పలాస వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్క సీట్లో ఎవరూ లేరు.